నడుం నొప్పీ, ఉండ్రాళ్ళ గిన్నే

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూసి నవ్వాగలేదు. మీ ఆవిడ రేకి క్లాసుకి, అదే, అరచేతులు ఆనించి విశ్వశక్తి ఎక్కిస్తామంటారే, దానికి డబ్బు కట్టేశాక అడుగుతున్నావా, క్రైస్తవ విశ్వాసులం వెళ్ళొచ్చా అని? ముందడిగితే ఆ డాలర్లన్నా మిగిలేవి. ఫోన్లో మొదలెడితే సగంలో పాప ఏడుస్తోందంటావు, అందుకే రాస్తున్నా.

నా నడుం సంగతి నీకు తెలుసుగా. డాక్టరు ఎమ్మారై చూసి, "ఆపరేషన్ అక్కర్లేదు మాస్టారూ, రోజూ ఒళ్ళు వంచండి చాలు" అన్నాడు. మా కాలనీ పార్కులో రిటైరైన పోస్టుమాస్టరుగారొకాయన పొద్దున్నే అయిదున్నరకి యోగా చెప్తారు, ఫీజు లేదు. చాప చంకన పెట్టుకుని వెళ్ళా. వారం రోజులు భుజంగాసనం, శవాసనం, హాయిగానే ఉంది. ఎనిమిదో రోజు సూర్యనమస్కారాలు ఎత్తుకున్నారు. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఓం మిత్రాయ నమః, ఓం రవయే నమః... అందరూ అంటున్నారు, నేను నోరు మూసుకుని వంగుతున్నా. ఆయన నా పక్కకొచ్చి, కోపంగా కాదు, మెల్లిగానే, "ఇవి సూర్యభగవానుడి నామాలు మాస్టారూ, పలికితేనే ఫలం" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చిందిరా మా ఇంటి ఉండ్రాళ్ళ తగువు. చవితికి ఎదురింటి పిన్నిగారు గిన్నెడు ఉండ్రాళ్ళు పంపేవారు కదా. అమ్మ రెండు చేతులా అందుకుని, ఆవిడ గేటు దాటగానే పాలవాడి పిల్లలకి ఇచ్చెయ్యబోయేది. దారిలోనే నాన్న రెండు కాజేసేవాడు. నువ్వు నాలుగు. "విగ్రహం వట్టిదని బైబిల్లో పౌలే రాశాడు, బియ్యప్పిండికేం పాపం?" అనేవాడు నాన్న. "ఇంకో రెండు పేజీలు తిప్పండి" అనేది అమ్మ.

మొన్న ఆ రెండు పేజీలూ తిప్పా. ఇద్దరూ రైటే! పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో నాన్న మాటుంది. పదో అధ్యాయంలో అమ్మ మాటుంది: పిలిచినవాళ్ళింట్లో వడ్డించింది ఏమీ అడక్కుండా తిను, కానీ ఎవరైనా "ఇది బలి ఇచ్చింది" అని చెబితే మాత్రం తినకు, నీ కోసం కాదు, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. కొరింథులో కటికవాని అంగడి దగ్గర, విగ్రహాలకి బలిచ్చిన మాంసం గురించి మొదలైన తగువు ఒంగోల్లో మా వంటింటి దాకా వచ్చింది.

పోస్టుమాస్టరుగారు చెప్పేశారు. చెప్పాక అది నాకిక వ్యాయామం కాదు. ఆయన భక్తితో చేసేదాన్ని నేను నడుం పట్టు వదలడానికి వాడుకుంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టే. అదే మాట ఆయనతో అన్నా. తల గోక్కుని, "అయితే ఆ పది నిమిషాలూ పార్కు చుట్టూ నడవండి, మిగతావి చేద్దురుగాని" అన్నారు. అంతే, తేలిపోయింది.

అలాగని మంత్రం వినబడ్డ ప్రతిచోటా ఉలిక్కిపడటమూ తప్పేరా. 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా జనాన్ని కూర్చోబెట్టి యోగా దినం చేశారే, ఆ రోజు మా స్కూల్లోనూ చేయించారు. మొదట "సంగచ్ఛధ్వం సంవదధ్వం" అన్నారు. నేను మూతి బిగించా. తర్వాత మా తెలుగు పండితుణ్ణి అడిగితే, "కలిసి నడవండి, కలిసి మాట్లాడండి" అని అర్థమట, ఋగ్వేదంలోది. దేవతల ప్రస్తావన వస్తుంది గానీ వాళ్ళకి మొక్కమని కాదు. మూతి నొప్పి దండగ.

మా పాస్టరుగారు మాత్రం యోగా, రేకి, బౌద్ధం నుంచి వచ్చిన విపశ్యన ధ్యానం, అన్నీ ఒకే గంపలో వేసి ఏకిపారేశారు. నాకు చిరాకేసింది. అవన్నీ ఒకటెలా అవుతాయి? హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డులో విపశ్యన కేంద్రం ఉంది, మా స్టాఫులో ఒకాయన రమ్మన్నాడు. నియమాలు చదివా. పది రోజులు, మాటల్లేవు, సరే. కానీ అన్నాళ్ళూ ప్రార్థన కూడా మానెయ్యాలట. నాకు కుదరదు. అయినా ముందే రాసి పెట్టారు చూడు, ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి.

ఇక మీ రేకి. జపాన్లో మికావో ఉసుయి 1922లో మొదలెట్టిందది. యోగాలోంచి మంత్రం తీసేస్తే ఒళ్ళు వంచడం మిగులుతుంది. రేకీలోంచి ఆ "విశ్వశక్తి" తీసేస్తే ఏం మిగులుతుంది? నెత్తిమీద ఒకరి అరచెయ్యి. పైగా మొదటి క్లాసులోనే గురువు ఆ శక్తిని నీలోకి తెరుస్తానంటూ దీక్షలాంటిది ఇస్తాడు. అమెరికా క్యాథలిక్ బిషప్పులు 2009లో దీనికి సైన్సు దన్నూ లేదు, క్రైస్తవ విశ్వాసానికీ పొసగదు అని తేల్చారు. బాప్టిస్టులం, బిషప్పుల మాట మనకి శాసనం కాదనుకో, కానీ ఈ విషయంలో నా ఓటు వాళ్ళకే.

మీ అలబామా వాళ్ళ సంగతి ఇంకా తమాషా. 1993లో స్కూళ్ళలో యోగా నిషేధించి, 2021లో ఒప్పుకుంటూ, "నమస్తే" అనకూడదని చట్టంలోనే రాశారట. మనమేమో చర్చి గుమ్మంలో చెప్పులు విడిచి పాస్టరుగారికే నమస్కారం పెడతాం!

మీ ఆవిడతో గొడవ పడకు. డబ్బు వెనక్కిస్తారేమో కనుక్కోమను. ఇవ్వకపోతే ఆ క్లాసులో ఏం ఇస్తారో, ఏం అనమంటారో ముందే అడగమను, తనే తేల్చుకుంటుంది.

అన్నట్టు, ఉండ్రాళ్ళ పిన్నిగారు కూడా పార్కుకొస్తున్నారు. మోకాళ్ళ నొప్పులతో సూర్యనమస్కారాలు చెయ్యలేక ఆ పది నిమిషాలూ నాతోపాటే నడుస్తున్నారు. నిన్న నీ గురించి అడిగారు, "నాలుగు తినేవాడు, వాడెక్కడున్నాడు?" అని.

నీ,
నడుం బావ