మంచు కొండలకు వెళ్లే మా కస్టమర్లకు: ఈ శీతాకాలం మా కొట్టులో దొరికేవి, దొరకనివి

దసరా దాటిన దగ్గర నుంచి మా పాలకొల్లు కొట్టుకు వచ్చేవారిలో చాలామంది కాశ్మీరులోని గుల్‌మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో, మనాలీ పక్కనున్న సోలాంగ్‌కో వెళ్తున్నామని, అక్కడ స్కీయింగ్, అంటే కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకొని మంచు వాలు మీద జారడం, నేర్చుకోవాలని ఉందని చెప్పి, అన్నిటికన్నా మందపాటి కోటు చూపించమని అడుగుతున్నారు. అటువంటి కోట్లు ఈ ఏడాది మేము తెప్పించలేదు. ఎందుకు తెప్పించలేదో, వాటి బదులు ఏవి తెప్పించామో, ఏయే వస్తువులు మా దగ్గర కొనకుండా అక్కడికి వెళ్లాక అద్దెకు తీసుకుంటే మీకు మేలో విడమరచి చెప్పడం మా బాధ్యత అనుకొని ఇది రాస్తున్నాము.

గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగిన మనకు చలి అంటే ధనుర్మాసపు తెల్లవారుజామే. ఒక దుప్పటి, ఒక మంకీ క్యాపు ఉంటే ఆ కాలం గడిచిపోతుంది. అందువల్ల మంచు కొండకు వెళ్లేటప్పుడు కూడా అదే లెక్కన ఇంకాస్త మందమైనది ఏదో ఒకటి వేసుకుంటే చాలుననుకుంటాము. స్కీయింగ్‌లో ఆ లెక్క కుదరదు. కొత్తగా నేర్చుకునేవారికి మొదటి రోజంతా పడటం, లేవడం, బరువైన బూట్లతో వాలు ఎక్కడం, మళ్లీ జారడం ఇదే పని కాబట్టి, కాసేపటికే వీపంతా చెమట పడుతుంది. ఆ తరువాత తమ వంతు కోసం నిలబడినప్పుడు ఆ చెమటే ఒంటిని కోసేస్తుంది. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కనుక, తడిసిన బనీను మీద ఎంత ఖరీదైన కోటు వేసినా వణుకు ఆగదు. మంచులోకి దుస్తులు ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసింది ఒళ్లు పొడిగా నిలుస్తుందా లేదా అన్న సంగతే.

దీనికి తోడు ఒకే రోజులో వాతావరణం ఎంతో మారుతుంది. గుల్‌మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, అక్కడి గొండోలా అనే కేబుల్ కారు రెండవ దశ అఫర్వత్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు వేడి సుమారుగా 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద సున్నా డిగ్రీలు ఉన్న ఉదయం పైన మైనస్ ఎనిమిది దాకా ఉంటుంది, దాని మీద గాలి కూడా వీస్తుంది. ఇంత తేడాకు ఒకే కోటు సరిపోదు. ఎండలో తీసేయడానికి, గాలిలో మళ్లీ వేసుకోవడానికి వీలైన మూడు పొరలు కావాలి. ఒంటికి అంటుకొని చెమటను బయటికి లాగేది మొదటిది, వేడిని పట్టి ఉంచేది రెండవది, గాలిని, తడిని ఆపేది మూడవది.

ఈ మూడింటిలో మేము ఎక్కువ శ్రద్ధ పెట్టింది మొదటి దాని మీద. మన బజారులో థర్మల్ పేరుతో దొరికే తెల్లటి లోదుస్తుల్లో చాలావాటిలో నూలు ఎక్కువగా ఉంటుంది. మన ఉక్కపోతకు నూలును మించినది లేదు, ఆ మాట చెప్పడానికి బట్టల వ్యాపారి కానక్కరలేదు. అయితే నూలు చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది, చలిలో తొందరగా ఆరదు. అందుకే ఈసారి పూర్తి పాలిస్టర్ థర్మల్స్, వాటితో పాటు మెరినో జాతి గొర్రెల సన్నని ఊలుతో చేసిన థర్మల్స్ కొద్దిగా మాత్రమే తెప్పించాము. మెరినో తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు, రెండు మూడు రోజులు వరుసగా వేసుకున్నా వాసన రాదు. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది కానీ ఒక రోజుకే వాసన పట్టేస్తుంది. పాలిస్టర్ జత మా దగ్గర 1,400 రూపాయలు, మెరినో జత అంతకు మూడు రెట్లు పైమాటే. వారం లోపు ప్రయాణానికి పాలిస్టర్ జతలు రెండు కొని, రాత్రి ఒకటి ఉతికి హోటల్ గదిలో హీటరుకు కాస్త దూరంగా ఆరేసుకుంటే సరిపోతుందని మా అభిప్రాయం. మీరు ఎక్కడ కొన్నా, పక్క కుట్టు లోపల ఉండే చిన్న చీటీని తిప్పి చూడండి. అందులో కాటన్ సగానికి పైగా అని రాసి ఉంటే అది పాలకొల్లు చలికి పనికొస్తుంది గాని గుల్‌మార్గ్ వాలుకు పనికిరాదు. సైజు విషయంలో మొహమాటం వద్దు. లోపలి పొర ఒంటిని పట్టి ఉండాలి, వదులుగా ఉంటే చెమటను లాగదు.

రెండవ పొరకు ఫ్లీసు, అంటే మెత్తటి నూగు ఉండే సింథటిక్ గుడ్డ, జాకెట్లు ఉన్నాయి, నిండు చేతులు, పైదాకా జిప్పు. ఇంట్లో స్వెట్టరు ఉన్నవారు అది ఊలుదైతే దానినే తీసుకెళ్లవచ్చు, కొత్తది కొనవలసిన పని లేదు. బాతు ఈకలు నింపిన ఉబ్బు జాకెట్లు తేలికగా ఉంటాయి, ఫోటోల్లో బాగుంటాయి, ఎంతో వెచ్చగానూ ఉంటాయి. కానీ తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది, మన తేమ ఊళ్లలో బీరువాలో ఏడాది నొక్కిపెట్టి ఉంచితే వాసన పట్టే ప్రమాదమూ ఉంది. అందుకని ఉబ్బు జాకెట్లలో సింథటిక్ నింపినవే ఉంచాము.

ఇక పై పొర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఈ సీజను కోసం ఒక టోకు వ్యాపారి నుంచి స్కీ జాకెట్లు తెప్పించాము. మెడ దగ్గర పెద్ద అక్షరాలతో వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది, రంగులు చూడముచ్చటగా ఉన్నాయి, జేబులకు కొదవ లేదు. అమ్మకానికి పెట్టే ముందు ఒకదాని లోపలి వైపు తిరగేసి చూస్తే, భుజం మీద, టోపీ చుట్టూ కుట్ల పైన టేపు అంటించి లేదు. సూది గుచ్చిన ప్రతి చోటా ఒక చిన్న కన్నం ఉంటుంది, దానిని లోపలి నుంచి టేపుతో మూయకపోతే గుడ్డ ఎంత మంచిదైనా నీరు అక్కడి నుంచే దిగుతుంది. కొట్టు వెనక వరండాలో ఆ జాకెట్ భుజం మీద చెంబుతో నీళ్లు పోశాము. గుడ్డ మీద నీళ్లు తామరాకు మీద బొట్లలా జారిపోయాయి, కానీ లోపల కుట్టు పొడవునా ఒక తడి గీత నెమ్మదిగా తేలింది. ఆ సరుకు మొత్తం వెనక్కి పంపించాము. బయానా తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది, రవాణా ఖర్చు మా మీదే పడింది. ఆ కారణంగానే కొట్టులో స్కీ జాకెట్ల అర ఇప్పుడు పలచగా కనిపిస్తోంది.

మీరు ఎక్కడైనా ఇటువంటి జాకెట్ కొనేటప్పుడు కుట్లకు టేపు ఉందో లేదో చూడండి, తరువాత నీటి నిరోధం అంకె అడగండి. ఆ అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభాన్ని నిలబెడితే అది కారకుండా ఆపగలదో అది చెబుతుంది. స్కీయింగ్‌కు 10,000 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. నడుము లోపల మంచు దూరకుండా ఒక పట్టీ, మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ, చంకల కింద గాలి వదలడానికి జిప్పు ఉంటే ఇంకా మేలు. ప్యాంటుకు కూడా ఇదే లెక్క. జీన్స్ ప్యాంటుతో మంచులో దిగకండి. ఒకసారి పడితే మోకాళ్ల దాకా తడిసి, రోజంతా ఆరదు.

ఇన్ని గుణాలున్న జాకెట్, ప్యాంటు కొనాలంటే ధర ఎక్కువ. దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న దుస్తులకు జీఎస్టీ 5 శాతం ఉంటే, అంతకు మించిన ధర ఉన్న ప్రతి దుస్తుకు 18 శాతం అయింది. ఇంతకుముందు అవే జాకెట్లకు 12 శాతం ఉండేది. ఏడాదికి ఒక వారం, కొందరైతే జీవితంలో ఒక్కసారి వాడే వస్తువుకు అంత ఖర్చు పెట్టించడం మాకు న్యాయంగా తోచలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ జాకెట్లలో చాలావాటికి లోపల పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఆ పూత వేడికి, తేమకు నెమ్మదిగా విరిగిపోతుంది. కోనసీమలోనో, భీమవరంలోనో రెండు మూడు వేసవులు బీరువాలో ఉంచితే అది జిగురుగా మారి, పొట్టులా రాలే అవకాశం ఎక్కువ. మీరు కొని దాచుకున్నది వాడకుండానే పాడవుతుంది.

కాబట్టి పై పొరను ఈ ఏడాది నుంచి అద్దెకు ఇస్తున్నాము. పైన చెప్పిన పరీక్షకు నిలిచిన జాకెట్లు, ప్యాంట్లు కొన్ని వేరే చోటి నుంచి తెప్పించాము. పెద్దవారి సైజులు సరిపడా ఉన్నాయి, పది పన్నెండేళ్ల పిల్లల సైజులు మాత్రం తక్కువ. కేవలం మంచు చూసి, కాసేపు ఆడుకొని, ఫోటోలు దిగి వచ్చేవారు మా దగ్గర అద్దెకు కూడా తీసుకోనక్కరలేదు. గుల్‌మార్గ్‌లోనూ, మనాలీ నుంచి సోలాంగ్ వెళ్లే దారిలోనూ కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిచ్చే కొట్లు వరుసగా ఉంటాయి. ఆ కోటు లోపల మీ సొంత థర్మల్స్ వేసుకొని దిగితే చాలు. రెండు మూడు రోజులు శిక్షణ తీసుకునేవారికి మాత్రం సరైన కొలతతో, శుభ్రంగా ఉన్నది ముందే చేతిలో ఉండటం అవసరం. స్కీలు, స్కీ బూట్లు, హెల్మెట్ ఎవరైనా అక్కడే అద్దెకు తీసుకోవాలి.

బూట్లు అక్కడివే అయినా సాక్సులు మీవే. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వెచ్చగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్‌తో బిగుతుగా ఉంటుంది కనుక, రెండు జతలు మడతలు పడి పుండ్లు చేస్తాయి, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే ఊలు సాక్సులు ఒక్క జత చాలు. గ్లౌజుల్లో వేళ్లు విడివిడిగా ఉన్నవాటికన్నా వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండేవి పిల్లలకు వెచ్చగా ఉంటాయి. కళ్లద్దాలు మరవకండి. కొత్తగా పడిన మంచు సూర్యుడి అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిరిగి కొడుతుంది, ఎత్తు పెరిగే కొద్దీ ఆ కిరణాల తీవ్రత కూడా పెరుగుతుంది, మబ్బు పట్టిన రోజున కూడా కళ్లు మండుతాయి.

టోపీల గురించి చెప్పడం మాకు సంతోషంగా ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో తరాలుగా క్రోషియా సూదితో లేసు అల్లుతున్న మహిళల చేత ఈసారి ఊలు టోపీలు అల్లించాము. లేసు అందమంతా దాని కన్నాల్లో ఉంటుంది, చలి టోపీకి ఆ కన్నాలే శత్రువులు. వారితో కూర్చొని, అల్లికను బాగా దగ్గరగా బిగించి, చెవుల మీదకు వచ్చేలా లోపల ఫ్లీసు పట్టీ వేయించాము. అంచున మాత్రం వారు తమకు అలవాటైన చిన్న పూల వరుసను వదలలేదు, మేము వద్దనలేదు. ధర 450 రూపాయలు. బజారులో మిషను టోపీ అందులో మూడో వంతుకే వస్తుంది, కానీ ఒక్క టోపీకి దాదాపు ఒక పూర్తి రోజు పని పడుతుంది, ఆ కూలి తగ్గించి అమ్మడం మాకు ఇష్టం లేదు. ఇవి సాయంత్రం తిరగడానికి పెట్టుకోవలసినవి. హెల్మెట్ కింద మందపాటి టోపీ ఉంటే హెల్మెట్ సరిగా కూర్చోదు, దాని కిందకు పలచటి థర్మల్ టోపీ వేరే ఉంది.

అందం గురించి అడిగేవారు, ముఖ్యంగా మాఘమాసంలో పెళ్లయి వెళ్లబోయే జంటలు, ఆ సంగతి మొహమాటపడకుండా అడగండి, అది చిన్న విషయం కాదు. తెల్లటి మంచు వెనక ఉన్నప్పుడు లేత రంగులు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. పై జాకెట్ ఎరుపు, ఆవపూల పసుపు, ముదురు నీలం వంటి ఒకే గట్టి రంగులో ఉండి, ప్యాంటు నలుపో బూడిద రంగో అయితే మనిషి నిండుగా కనిపిస్తారు. వాలు మీద వెనక నుంచి వచ్చేవారికి దూరం నుంచే కనబడటం భద్రతకు కూడా మంచిది. పొడవాటి చున్నీ, మఫ్లరు వాలు మీద వద్దు. వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టులో చిక్కుకునే ప్రమాదం ఉంది, మెడకు గొట్టంలా తొడుక్కునేది వేసుకోండి. గాజులు గ్లౌజుల కింద ఒరుసుకుంటాయి కాబట్టి హోటల్లో ఉంచండి, జడ కిందకు అల్లి జాకెట్ లోపలికి వేసుకోండి. బండారులంక చీర తీసుకెళ్తామన్న అమ్మాయికి మేము వద్దని చెప్పలేదు. శ్రీనగర్ హౌస్‌బోటులో, లోపల థర్మల్స్, పైన శాలువాతో ఆ చీర ఎంతో బాగుంటుంది.

సామాను సర్దేటప్పుడు బరువు గుర్తుంచుకోండి. దేశంలోని విమానాల్లో మామూలు టికెట్టుకు సాధారణంగా 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతి సంచి అనుమతిస్తారు. అయిదు రోజులకు ఒక మనిషికి రెండు జతల థర్మల్స్, ఒక ఫ్లీసు, ఒక పై జత, మూడు జతల ఊలు సాక్సులు, రెండు జతల గ్లౌజులు, సాయంత్రాలకు ఒక మంచి జత సరిపోతాయి. మధురపూడిలో విమానం ఎక్కేటప్పుడే జాకెట్ వేసుకుంటే ఉడికిపోతారు, దానిని చేతి మీద వేసుకొని ఎక్కండి. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. కొబ్బరినూనె సీసా అక్కడ రాయిలా గడ్డకడుతుంది, పెదవులకు, బుగ్గలకు వాజిలీన్ తీసుకెళ్లండి.

తిరిగి వచ్చాక థర్మల్స్, ఫ్లీసు మామూలు సబ్బుపొడితో ఉతకవచ్చు, మెరినోకు మాత్రం ఊలు బట్టల లిక్విడ్ వాడి చల్లని నీళ్లలో ఉతకండి. గుడ్డను మెత్తబరిచే లిక్విడ్ దేనికీ వాడకండి, అది చెమటను లాగే గుణాన్ని పోగొడుతుంది. మా దగ్గర అద్దెకు తీసుకున్న జాకెట్లు, ప్యాంట్లు మీరు ఉతకవద్దు, నీడలో ఆరేసి తెచ్చివ్వండి, వాటి శుభ్రం మా పని. సంక్రాంతి తరువాత బయలుదేరేవారు పండుగకు ముందే వచ్చి కొలతలు ఇచ్చి పేరు రాయించుకోవాలి, పండుగ మూడు రోజులూ కొట్టు మూసి ఉంటుంది. పిల్లలను వెంట తీసుకురండి, వయసు చెబితే సైజు తేలదు. ప్రయాణం రద్దయితే కట్టిన అద్దె మొత్తం తిరిగి ఇస్తాము. వాడని థర్మల్స్ మాత్రం చీటీ ఊడకుండా ఉంటేనే మార్చి ఇస్తాము.