రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావని ఒక్క మాట అడిగి ఉంటే

తెనాలి,
2025 ఆగస్టు 11.

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: ఊళ్లో తిరిగే నీళ్ల క్యాన్ల బండికి సరిపడని డీజిల్ పికప్‌ను అమ్మడం, పొగ ఫిల్టరు పూడుకుపోయాక వారంటీ లేదనడం గురించి.

అయ్యా,

నేను తెనాలిలో మంచినీటి ప్లాంటు నడుపుకుంటున్నాను. తెల్లవారుజామున అయిదున్నరకు ఇరవై లీటర్ల క్యాన్లు బండికెత్తి మారిస్‌పేట, గంగానమ్మపేట, నాజరుపేట, చెంచుపేట వీధుల్లో ఇంటింటికీ వేస్తాం. బండి నేనే నడుపుతాను. క్యాన్లు నేనూ మా మేనల్లుడూ మోస్తాం. ఒక ట్రిప్పుకు ముప్పై క్యాన్లు, అంటే క్యాను బరువుతో కలిపి 630 కిలోల దాకా. రోజుకు అయిదు ట్రిప్పులు. అన్నీ కలిపితే 40 కిలోమీటర్లు దాటవు, కాని బండి వంద చోట్ల ఆగుతుంది. ఒక ఇంటి ముందు ఆపి, రెండో అంతస్తుకు క్యాను మోసుకెళ్లి, ఖాళీ క్యాను తెచ్చి, మళ్లీ నాలుగిళ్ల అవతల ఆపడం, ఇదే నా పని. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మీ షోరూములో దీన్ని ఎవరూ అడగలేదు.

జనవరి 31న నేను గుంటూరులోని మీ డీలరు షోరూముకు వెళ్లినప్పుడు రెండు బళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 750 కిలోల పెట్రోలు బండి, ఇంకొకటి టన్నుకు పైగా మోసే డీజిల్ పికప్. రోడ్డెక్కే ధరలో రెండింటికీ తేడా 1,85,000 రూపాయలు. నేను వెళ్లింది పెట్రోలు బండి కోసమే. మీ సేల్స్ కుర్రాడు మర్యాదస్తుడే, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. “బాబాయ్ గారూ, పెట్రోలు బండి కొంటే బంకు వాడికే సంపాదించి పెట్టాలి. డీజిల్ తీసుకోండి, రెండేళ్లలో తేడా డబ్బు తిరిగి వస్తుంది, ఆ తర్వాత అంతా లాభమే” అన్నాడు. కొటేషను కాగితం వెనక్కి తిప్పి నీలం పెన్నుతో లెక్క కూడా వేసి చూపించాడు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. అందులో మొదటి వరుస “120 × 26” అని ఉంటుంది. రోజుకు 120 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు.

ఆ 120 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. తను అడగలేదు. లెక్క చూస్తున్నంతసేపూ నేను కింద ఉన్న మొత్తాన్నే చూశాను తప్ప పైన ఉన్న ఆ అంకెను పట్టించుకోలేదు.

ఇప్పుడు నా అంకెలతో అదే లెక్క వేశాను. నేను నెలకు తిరిగేది 1,040 కిలోమీటర్లు. ఆగుతూ సాగుతూ తిరిగే పనిలో ఈ డీజిల్ బండి నాకు లీటరుకు 14 ఇచ్చింది. మా ఊళ్లోనే కూల్‌డ్రింకులు వేసే ఒకాయనకు మీ పెట్రోలు బండి 12 ఇస్తోంది. మా బంకులో డీజిల్ 97 రూపాయల పైన, పెట్రోలు 109 పైన ఉన్నాయి. ఆ ధరల్లో నాకు డీజిల్ వల్ల మిగిలేది నెలకు సుమారు 2,250 రూపాయలు. 1,85,000 తిరిగి రావాలంటే ఆరేళ్ల పది నెలలు పడుతుంది. దాని మీద నేను కట్టే వడ్డీ కలపకుండానే ఇంత. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగేవాడికైతే మీ కుర్రాడు చెప్పినట్టు రెండేళ్ల పైచిలుకులో వచ్చేస్తుంది. అంటే ఆయన అబద్ధం చెప్పలేదు. వేరే ఎవరి లెక్కో తెచ్చి నాకు చూపించాడు.

డబ్బు తేడా ఒక్కటే అయితే నా తొందరపాటుకు నన్నే నేను అనుకుని ఊరుకునేవాణ్ని. ఈ ఉత్తరం రాయడానికి కారణం తర్వాత జరిగింది.

ఫిబ్రవరి 6న బండి ఇంటికి వచ్చింది. ఏప్రిల్ 17న, 2,380 కిలోమీటర్ల దగ్గర, మీటరు పలక మీద నారింజ రంగు దీపం వెలిగింది. లోపల చుక్కలున్న చిన్న డబ్బా బొమ్మ. అదేమిటో నాకు తెలియదు. షోరూముకు ఫోను చేస్తే, “ఏమీ కాదండీ, హైవే మీద అరవై పైన ఒక అరగంట నడపండి, అదే పోతుంది” అన్నారు. క్యాన్లు దించేసి, మంగళగిరి దాకా వెళ్లి, జాతీయ రహదారి ఎక్కి ఖాళీ బండి తోలాను. దీపం ఆరింది. మూడు వారాలకు మళ్లీ వెలిగింది. మళ్లీ వెళ్లాను. ఒక్కోసారి 70 కిలోమీటర్లు, అయిదు లీటర్ల డీజిల్, ఒక పూట బేరం. నీళ్లు అమ్ముకునేవాడు దీపం ఆర్పడానికి హైవే చుట్టూ తిరగాలన్న మాట కొనేటప్పుడు చెప్పి ఉంటే, అప్పుడే ఆ బండిని అక్కడే వదిలేసి వచ్చేవాణ్ని.

మే 23న ఒక ఫంక్షన్ హాలుకు పెళ్లి భోజనాల కోసం నీళ్లు తీసుకెళుతున్నాను. కాలువ వంతెన ఎక్కుతుండగా బండిలో బలం చచ్చిపోయింది. యాక్సిలరేటరు నేల దాకా తొక్కినా ఇరవై దాటలేదు. నారింజ దీపం పక్కన ఎర్ర దీపం కూడా వెలిగింది. కింద నుంచి కాలిన వాసన వచ్చింది. బండి ఆపేసినా ముందున్న ఫ్యాను చాలాసేపు తిరుగుతూనే ఉంది. వెనకాల బస్సులు హారన్లు కొడుతుంటే, మేనల్లుడూ నేనూ కలిసి ముప్పై క్యాన్లను రోడ్డు పక్కకు దించి, రెండు ఆటోల్లో చేరవేశాం. అక్కడ మొదటి బంతి అప్పటికే కూర్చుంది. ఏడేళ్లుగా నా దగ్గరే నీళ్లు తీసుకుంటున్న వాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ముఖాలు మాత్రం చూడలేకపోయాను. ఆ హాలు ఖాతా తర్వాతి వారం నా చేతిలోంచి పోయింది.

బండిని గుంటూరు సర్వీసు సెంటరుకు లాక్కెళ్లారు. ఆరు రోజులు ఉంచుకున్నారు. కంప్యూటరు తగిలించి ఫిల్టరులోని మసిని కాల్చామనీ, ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిసిందని ఆయిల్ మార్చామనీ చెప్పి 11,640 రూపాయల బిల్లు ఇచ్చారు. ఆ ఆరు రోజులు నేను అద్దె బండికి రోజుకు 1,200 చొప్పున 7,200 కట్టాను. ఎండాకాలంలో నీళ్ల వ్యాపారానికి ఆదివారం ఉండదు.

నాకు ఈ ఫిల్టరు సంగతి విడమరిచి చెప్పింది మీ సంస్థ కాదు, మా ఊరి పాత మెకానిక్. ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజిన్లు విప్పుతున్న మనిషి. గేజి పుల్ల బయటికి లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆయిల్ గరిష్ఠ గీతకు వేలెడు పైన ఉంది, నీళ్లలా జారుతోంది, డీజిల్ వాసన వేస్తోంది. ఆయన చెప్పింది ఇదీ. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ బండి పొగ గొట్టంలో తేనెపట్టులాంటి సన్నని గదులున్న ఫిల్టరు పెడుతున్నారు. మసి అందులో చిక్కుకుంటుంది. కొంత పేరుకున్నాక ఇంజిన్ తనంతట తానే అదనంగా డీజిల్ చిమ్మి, పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి, ఆ మసిని కాల్చి బూడిద చేస్తుంది. దానికి పావుగంటో ఇరవై నిమిషాలో బండి ఆగకుండా నడవాలి. నాలాంటివాడు రెండు నిమిషాలకోసారి ఆపుతాడు కాబట్టి ఆ పని ఎప్పుడూ సగంలోనే నిలిచిపోతుంది. కాలని మసి ఫిల్టరులోనే ఉంటుంది, కాలడానికి చిమ్మిన డీజిల్ పిస్టన్ అంచుల నుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆయిల్ ఇంజిన్ అరుగుదలను ఆపలేదు. “బండలాగుడుకు పెంచిన ఎద్దును తెచ్చి గానుగకు కట్టారు” అన్నాడాయన.

ఆ ఎద్దు మంచిదే. దానికి సరిపడే పని ఉన్నవాళ్లూ ఉన్నారు. మా బంధువు ఒకరు కొల్లిపర నుంచి విజయవాడకు రోజూ అరటి గెలలు వేస్తారు. ఆయనదీ మీ డీజిల్ పికప్పే. నిండు లోడుతో తక్కువ వేగంలో కూడా డీజిల్ ఇంజిన్‌కు ఉండే లాగుడు పెట్రోలుకు రాదు, దూరాల మీద ఇంధనం కూడా బాగా కలిసివస్తుంది. ఆయన బండిలో ఆ దీపం ఇంతవరకు ఒక్కసారి కూడా వెలగలేదు. బండి రోజూ గంటల తరబడి వేడిగా పరుగెత్తుతుంది కాబట్టి మసి దారిలోనే కాలిపోతుంది. అందుకే నేను మీ బండిని చెడ్డదని అనడం లేదు. నా పనికి అది సరిపడదని మీకు తెలిసి ఉండాలి, మీరు చెప్పలేదు అంటున్నాను.

ఫిల్టరు పెట్టడాన్ని కూడా నేను తప్పుపట్టను. పాత డీజిల్ బళ్ల వెనక నడిచిన వాళ్లకు ఆ నల్ల పొగ ఎలా ఉండేదో తెలుసు. నేను రెండు బడులకు నీళ్లు వేస్తాను, తెల్ల చొక్కాల పిల్లలు నా బండి పక్క నుంచే లోపలికి పోతారు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే తేల్చింది. కాబట్టి ఫిల్టరు ఉండాల్సిందే. దాన్ని పీకించి గొట్టం వేయిస్తామని ఇద్దరు ముగ్గురు నాకు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు.

జూలై 28న బండి మళ్లీ మొరాయించింది. ఈసారి ఫిల్టరు మార్చాల్సిందేనన్నారు, 62,400 రూపాయలు అంచనా వేశారు. కొన్న ఆరు నెలలకే. వారంటీ అడిగితే, “ఇది తయారీ లోపం కాదు, మీ వాడకం తీరు వల్ల వచ్చింది” అని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ వాక్యం దగ్గరే నాకు కోపం వచ్చింది. నా వాడకం తీరు అమ్మిన రోజున మీకు అక్కర్లేకపోయింది. డబ్బు ఇవ్వాల్సి వచ్చిన రోజున మాత్రం అదే ముఖ్యమైపోయింది. “పుస్తకంలో రాశాం కదా” అన్నారు. ఇంటికి వచ్చి మేనల్లుడి చేత వెతికించాను. 143వ పేజీలో, ఇంగ్లీషులో, సన్న అక్షరాల్లో, తక్కువ దూరాలు తిరిగేవారు అప్పుడప్పుడు రహదారి మీద నడపాలని ఒక పేరా ఉంది. తెలుగు పుస్తకం లేదన్నారు. తెలుగులో అచ్చువేసి నా చేతికిచ్చిన రంగుల కరపత్రంలో మైలేజీ ఉంది, లోడు ఉంది, వాయిదాల వివరం ఉంది, ఫిల్టరు అన్న మాట ఎక్కడా లేదు.

బండి ఇప్పుడు మీ షెడ్డులోనే ఉంది. నేను అద్దె బండికి ఇప్పటివరకు పన్నెండు పనిరోజులకు 14,400 కట్టాను. బ్యాంకు వాయిదా 18,900 ఈ నెల అయిదున యథావిధిగా పోయింది.

నేను కోరేవి ఇవి. ఫిల్టరును వారంటీ కింద ఉచితంగా మార్చండి. మేలో తీసుకున్న 11,640తో పాటు, రెండుసార్లూ నేను కట్టిన అద్దె 21,600 రూపాయలు ఇప్పించండి. కాని ఫిల్టరు మార్చినంత మాత్రాన సమస్య తీరదు. నా వీధులు మారవు, నేను ఆగే వంద గుమ్మాలు మారవు, కొత్త ఫిల్టరు కూడా కొద్ది నెలల్లో పూడుకుపోతుంది. అందుకని నేను గట్టిగా కోరేది, ఈ బండిని నడిచిన దూరానికి తగిన తరుగు మినహాయించుకుని వెనక్కి తీసుకుని, నేను మొదట అడగడానికి వచ్చిన ఆ పెట్రోలు బండిని ఇవ్వండి. తరుగు ఎంతో లెక్క కట్టి, ఈసారి అంకెలన్నీ నాకు చూపించి మాట్లాడండి.

ఇంకొకటి, ఇది నా కోసం కాదు. మీ కొటేషను కాగితం మీద ధర రాసే గడికి పైన రెండు గళ్లు పెట్టించండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిచోట్ల ఆగాలి. అవి నింపకుండా ధర చెప్పవద్దని మీ డీలర్లకు చెప్పండి. ఆ 143వ పేజీని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితంగా అచ్చువేసి, డీజిల్ బండి కొనే ప్రతి ఒక్కరికీ సంతకానికి ముందే ఇవ్వండి. పాలు, కూరగాయలు, గ్యాసు బండలు, నీళ్లు వేసే మనుషులు మా ఊళ్లోనే ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది బండి కోసం భార్య మెడలో గొలుసు తాకట్టు పెట్టి వస్తారు.

వ్యాపార బండి కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదని మీ సర్వీసు మేనేజరు నాతో అన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. నేను కిరాయికి డ్రైవర్లను పెట్టి బళ్లు తిప్పేవాణ్ని కాను, ఈ స్టీరింగు పట్టేది నేనే. నేను ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చనీ, దానికి రెండేళ్ల గడువు ఉందనీ తెలుసుకున్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇప్పటికే ఫోను చేశాను. వినియోగదారుల కమిషను దాకా వెళ్లాలని నాకు లేదు, అక్కడ కూర్చున్న ప్రతి పూటా ఇక్కడ నీళ్లు ఆగిపోతాయి. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఆలోగా రాకపోతే మాత్రం వెళతాను.

నీలం పెన్ను లెక్క ఉన్న కొటేషను నకలు, మే నెల బిల్లు, జూలై అంచనా, వారంటీ నిరాకరణ కాగితం, అద్దె బండి రసీదులు దీనితో జతచేస్తున్నాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
మంచినీటి ప్లాంటు యజమాని,
తెనాలి.