సబ్బు పొర విషయంలో మేము మీకిచ్చిన సలహా తప్పు

నమస్కారం.

మా దగ్గర డిష్‌వాషర్ సర్వీస్ చేయించుకున్నవారిలో కొందరు, గ్లాసుల మీద తెల్లటి పొర మిగిలిపోతోందని ఫోన్ చేశారు. మేము ప్రతిసారీ ఒకే మాట చెప్పాం: "హార్డ్ వాటర్ (సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్లు) వల్ల అలా అవుతుంది, డిటర్జెంట్ ఇంకాస్త పెంచండి." ఆ మాట మా మెకానిక్‌లకు నేర్పింది నేనే. కొన్ని ఇళ్లలో అది పనిచేసింది. మరికొన్ని ఇళ్లలో సమస్యను పెంచింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా తప్పు నాకు తెలిసేలా చేసింది ఒక కస్టమర్. ఆమె మూడోసారి ఫోన్ చేసి, "మీరు చెప్పినట్టు పౌడర్ పెంచుతున్నకొద్దీ గ్లాసులు ఇంకా జారుతున్నాయి, మంచినీళ్లు కూడా సబ్బు రుచి వస్తున్నాయి" అన్నారు. ఈసారి నేనే వెళ్లాను. మెషీన్‌లో గిన్నెలు లేకుండా, డిటర్జెంట్ వేయకుండా వేడినీళ్ల సైకిల్ పెట్టి, మధ్యలో ఆపి తలుపు తీశాను. అడుగున నురగ కనిపించింది. ఒక్క చెంచా పౌడర్ కూడా వేయలేదు, అయినా నురగ. అంటే పాత సబ్బు లోపలే తిరుగుతోంది, బయటికి పోవడం లేదు.

కారణం వెతికితే నీళ్లు లోపలికి వచ్చే వాల్వ్ దగ్గరుండే చిన్న జాలీ ఇసుకతో, తుప్పుతో మూసుకుపోయి ఉంది. డిష్‌వాషర్ ఒక్కో దశలో తీసుకునేది దాదాపు 3, 4 లీటర్ల నీళ్లే. ఆ కాసిని నీళ్లే తిరిగి తిరిగి గిన్నెల మీద పడుతుంటాయి. కొన్ని మోడళ్లు నీళ్లను కొలవవు, ఇంత సేపు అని వాల్వ్ తెరిచి మూసేస్తాయి. జాలీ మూసుకుపోతే ఆ కాస్త సేపట్లో సగం నీళ్లు కూడా రావు. కడగడం ఎలాగో అయిపోతుంది కానీ చివర్లో జాడించడానికి నీళ్లు చాలవు. అలాంటి మెషీన్‌కు డిటర్జెంట్ పెంచమని నేను చెప్పాను.

ఏ పొర అన్నది తెలుసుకోకుండా ఏ సలహా ఇవ్వకూడదని ఇప్పుడు మా పద్ధతి మార్చుకున్నాం. ఇది మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్లాసును తడివేలితో రుద్దండి. జారుతూ, కొద్దిగా నురగ వస్తే అది సబ్బు. జారకుండా గరుగ్గా ఉంటే ఒక చుక్క వెనిగర్ వేసి కొన్ని నిమిషాలు ఆగండి. అక్కడ తేటపడితే అది హార్డ్ వాటర్ వదిలిన సున్నపు పొర. దేనికీ పోకుండా మసకగానే ఉంటే, లేదా వెలుతురులో రంగురంగులుగా మెరిస్తే, పొర అంటుకోలేదు, గాజే అరిగింది.

ఈ మూడోది నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నీళ్లు మెత్తగా ఉన్న, అంటే సున్నం తక్కువున్న ఇళ్లలో డిటర్జెంట్ ఎక్కువైతే, పైగా వేడి కూడా ఎక్కువగా పెడితే, గాజు మెల్లగా అరిగిపోతుంది. దాన్ని తిరిగి బాగుచేసే పద్ధతి లేదు. మా సలహా విని డిటర్జెంట్ పెంచిన ఇంట్లో గ్లాసులు ఇలా అయితే ఆ బాధ్యత మాదే. దయచేసి చెప్పండి, వాటి ఖరీదు ఇచ్చేస్తాం.

సబ్బు పొర అని తేలితే ముందు డిటర్జెంట్ సగానికి తగ్గించి నాలుగైదు సార్లు నడిపి చూడండి. టాబ్లెట్లు వాడేవారు ఈ పరీక్ష కోసం కొన్నాళ్లు పౌడర్‌కు మారితే మంచిది, కొలత మన చేతిలో ఉంటుంది. టాబ్లెట్‌తో ఇంకో చిక్కుంది. దాని చుట్టూ ఉండే పల్చటి కవరు పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థం, అది నీళ్లలో కరగడానికే పెట్టింది. కానీ చిన్న సైకిల్ పెడితే, నీళ్లు సరిగ్గా వేడెక్కకపోతే పూర్తిగా కరిగే టైమ్ దొరకదు, జిగటగా గిన్నెలకు పడుతుంది. టాబ్లెట్‌ను తడిచేత్తో పట్టుకున్నా ఆ కవరు జిగటై, పెట్టిన చోటే అతుక్కుంటుంది. పెద్ద పళ్లెం అడ్డుపడి డిటర్జెంట్ మూత సగమే తెరుచుకున్నా ఇదే గొడవ: జాడించే దశకు వచ్చాక సబ్బు ఊడిపడుతుంది.

నీళ్లు చిమ్మే రెక్కలు బయటికి తీసి, రంధ్రాల్లో ఏమైనా ఇరుక్కుందేమో పుల్లతో పొడిచి చూడండి. చాలామంది ఫిల్టర్ కడుగుతారు కానీ ఈ రెక్కల జోలికి పోరు. రిన్స్ ఎయిడ్ (గిన్నెలు మరకల్లేకుండా ఆరడానికి చివరి జాడింపులో కలిసే ద్రవం) మోతాదు అవసరానికి మించితే నీలంగా చారలు పడతాయి, నురగ కూడా వస్తుంది. సాల్ట్ డబ్బా (నీళ్లను మెత్తబరచడానికి మెషీన్ అడుగున ఉప్పు పోసే చోటు) మూత సరిగ్గా బిగించకపోతే ఉప్పునీరు లోపలికి కారి తెల్లటి మరకలు పడతాయి. అవి సబ్బూ కాదు, సున్నమూ కాదు, మామూలు నీళ్లతో పోతాయి.

చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం ఎప్పుడూ, ఒక్క చుక్క కూడా వేయకండి. ఆ నురగతో పంపు నీళ్లకు బదులు గాలి పీల్చుకుంటుంది, రెక్కలకు ఒత్తిడి అందదు. సాల్ట్ డబ్బాలో డిటర్జెంట్ పోయడం ఇంకా పెద్ద పొరపాటు, నీళ్లను మెత్తబరిచే భాగమే పాడైపోవచ్చు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే లోపం మెషీన్‌లోనే ఉన్నట్టు. వాల్వ్ జాలీ, హీటర్, నలిగిపోయిన డ్రెయిన్ పైపు, మురికినీళ్లు తోసే పంపు, ఎక్కువగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి. వీటిని విప్పాలంటే ముందు కరెంటు తీసేసి, నీళ్ల కొళాయి మూసేయాలి. అలవాటు లేకపోతే మాకే వదిలేయండి.

తెల్లటి పొర గురించి మాకు ఇదివరకే చెప్పినవారందరి ఇళ్లకూ మళ్లీ వస్తాం, దానికి డబ్బు తీసుకోం. మా మాట మీద అవసరం లేని పార్టు కొన్నట్టు తేలితే ఆ మొత్తం వాపసు చేస్తాం. పాత సర్వీసు కాగితాలన్నీ తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాం. మనుషులు తక్కువ, కాబట్టి మీ వంతు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. సబ్బు రుచి తెలుస్తున్నవారు మాత్రం ఆగకండి, ముందుగా చెప్పండి, మీ ఇళ్లకే మొదట వస్తాం. అప్పటిదాకా గిన్నెలను వాడేముందు ఒకసారి కొళాయి కింద జాడించుకోండి.

పొర బాగా కనిపిస్తున్న గ్లాసు ఒకటి కడగకుండా పక్కన పెట్టండి. వచ్చిన మెకానిక్ మెషీన్ విప్పేముందు దాన్నే చూస్తాడు.