గుండె జబ్బుకు 'శాశ్వత పరిష్కారం' అని ఎలా అచ్చేశారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో 'గుండె ఫెయిల్యూర్‌కు యునానీలో శాశ్వత పరిష్కారం' అని ఒక వార్త వేశారు. గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోయే జబ్బు అది; యునానీ అంటే హకీంలు చేసే పాతకాలపు వైద్యం. కింద ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. అప్పటి నుంచీ రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. మొన్న మా వీధిలో ఒకాయన ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకొచ్చి, "సార్, ఫోన్ చేస్తే మందు డబ్బా ఇంటికే పంపిస్తారంట. ఆస్పత్రి బిళ్లలన్నీ మానెయ్యమన్నారు" అని చూపించాడు. ఆయన పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

గుండె జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. ఆ జబ్బుల పట్టికలో గుండె జబ్బుల పేరు స్పష్టంగా ఉంది. నంబరు ఇచ్చి, డబ్బా ధర ఇచ్చి వేసినదాన్ని వార్త అంటే ఎవరు ఒప్పుకుంటారు? విలేకరి చూడలేదు, సరే. డెస్కులో కూడా ఎవరూ చూడలేదా?

నేను యునానీకి వ్యతిరేకిని కాను. అబ్దుల్ హక్ గారి పేరుతో యునానీ వైద్య కళాశాల ఉన్న ఊరు మాది. ఈ వైద్యంలో మహా పండితుడైన ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందటే గుండెకు పనికొచ్చే మందుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. ఢిల్లీలో పేరున్న యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో సర్పగంధ అనే మొక్క మీద పరిశోధన జరిగి, 1931లో అందులోంచి తీసిన పదార్థానికి ఆయన పేరు మీదే అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయ తప్పినప్పుడు వాడే మందు అది. అంత చరిత్ర ఉన్న వైద్యాన్ని డబ్బాలో పెట్టి ఫోన్ మీద అమ్ముతుంటే నాకు కడుపు మండుతోంది.

మా నాయనకు చివరి రెండేళ్లు ఇదే జబ్బు. ఎకో (గుండె స్కాన్) తీసి పంపింగ్ బాగా తగ్గిందన్నారు. పాతబస్తీలో ఆయనకు చిన్ననాటి నుంచి తెలిసిన హకీం సాబ్ ఒకరుండేవారు. చూడటానికి ఇంటికి వచ్చి, చాలాసేపు నాడి పట్టుకుని కూర్చున్నారు. తర్వాత కాలి మడమ పైన వేలితో గట్టిగా నొక్కి వదిలారు. పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. "గుండె బలహీనతను మేం జోఫె ఖల్బ్ అంటాం. ఒంటికి ఇట్లా నీరు పడితే ఇస్తిస్ఖా అంటాం. ఆ మాటకు నీళ్లు అడగడం అని అర్థం" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. అది మే నెల, కర్నూలు ఎండలు మీకు తెలియనివి కావు. రోజుకు ఇన్ని నీళ్లే అని డాక్టరు కొలత పెడితే, "ఒరే, ఇంకొక్క గుక్క పొయ్యరా" అని నాయన పొద్దస్తమానం నన్ను బతిమాలేవాడు.

హకీం సాబ్ ఆరోజు ఒక్క మందు కూడా ఇవ్వలేదు. ఖమీరాలనే లేహ్యాలు గుండెకు బలమిస్తాయని వాళ్ల శాస్త్రంలో ఉంది. పట్టుగూళ్లు, గావ్‌జబాన్ అనే మూలిక లాంటివి వేసి చేస్తారు. కానీ అవన్నీ చక్కెర పాకంలోనో తేనెలోనో పట్టేవి, నాయనకు షుగరు. దగ్గుకు అతిమధురం అడిగితే అసలే వద్దన్నారు. ఎక్కువగా వాడితే అది ఒంట్లో ఉప్పు, నీరు నిలిపేస్తుంది, పొటాషియం తగ్గిస్తుంది. "ఆస్పత్రి బిళ్లలు ఒక్కటి కూడా ఆపొద్దు. ఊరగాయ ఆపండి, రోజూ పొద్దున్నే బరువు చూడండి" అని చెప్పి వెళ్లిపోయారు. ఫీజు తీసుకోలేదు. తిండి, నీళ్లు, నిద్ర, మనసు నెమ్మది సరిచేశాకే మందు అనేది యునానీలో మొదటి పాఠమని తర్వాత తెలుసుకున్నాను. మీ వార్తలో దీని గురించి ఒక్క వాక్యం లేదు.

జనం ఆ డబ్బాల వెంట ఎందుకు పడుతున్నారో కూడా చెప్పాలి. మా దగ్గరి యునానీ సర్కారు డిస్పెన్సరీకి నేను మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు తాళం. మూడోసారి, డాక్టరు డెప్యుటేషన్ మీద వేరే ఊరికి వెళ్లాడని అటెండరు చెప్పాడు. బీరువాలో మందు లేదు. ఇండెంట్ పంపామంటారు, పైనుంచి రాలేదంటారు. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెబుతారు. అదే రోడ్డులో గుడారం వేసుకుని 'దిల్ కీ దవా' (గుండె మందు) అని మైకు పెట్టి అమ్ముతుంటే మాత్రం అడిగే అధికారి లేడు. ఆ పొడిలో ఏం కలిపారో చూసేవాడు లేడు. రోడ్లు అంతే, నీళ్లు అంతే, ఇదీ అంతే. ఎవరైనా చచ్చిపోతే తప్ప ఫైలు కదలదు.

మా వీధాయనను బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్లాను. నీరు దిగడానికి ఇంజక్షన్లు ఇచ్చారు, వాపు కొంత తగ్గింది. డబ్బా మీద ఆశ మాత్రం ఇంకా పోలేదు. "పేపర్లో వేశారు కద సార్" అంటున్నాడు. సవరణ వేస్తే లోపలి పేజీలో మూలన రెండు లైన్లు కాకుండా, అదే జిల్లా పేజీలో, అంతే సైజులో వేయండి. సోమవారం ఆయన మళ్లీ డాక్టరుకు చూపించుకోవాలి. ఈలోపు ఆ పేపరు నా చేతికొస్తే తీసుకెళ్లి చూపిస్తాను.

- ఒక రిటైర్డ్ టీచర్, కర్నూలు