అటారీ 2600 ప్రాంతీయ రూపాల సేకరణ గురించి

సభ్యులకు నమస్కారం. అటారీ 2600 అనే పాత వీడియో గేమ్ యంత్రానికి వివిధ దేశాల కోసం చేసిన ప్రాంతీయ రూపాలను సేకరించేవారు పైపెట్టె అందాన్ని మాత్రమే చూసి నిర్ణయం తీసుకోవద్దని నా మనవి. అసలు తేడా టీవీ ప్రమాణంలో, అంటే ఆయా దేశాల టీవీలు రంగుల సిగ్నల్ అందుకునే పద్ధతిలో ఉంటుంది: అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ యంత్రం 128 రంగులు, యూరప్‌లో చాలా దేశాలు వాడిన పాల్ యంత్రం 104 రంగులు చూపగలిగితే, ఫ్రాన్స్ కోసం చేసిన సెకామ్ యంత్రం 8 రంగులకే పరిమితం కాబట్టి, అదే ఆట అక్కడ పూర్తిగా వేరే ముఖంతో కనిపిస్తుంది. ఆ కారణంగానే సెకామ్ రూపం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. బ్రెజిల్‌లో పాలీవాక్స్ సంస్థ 1983లో తెచ్చిన యంత్రం పాల్‌లోనే ఒక రకమైన పాల్-ఎమ్ ప్రమాణానికి చెందినది. అదే ఏడాది జపాన్‌లో 2800 పేరుతో వచ్చినదానికి కంట్రోలర్ (ఆడేవారు చేత్తో పట్టుకునే పరికరం) తగిలించే పోర్టులు నాలుగు ఉండటమే కాక, దాని కంట్రోలర్‌లోనే జాయ్‌స్టిక్, ప్యాడిల్ (తిప్పే గుండీ) రెండూ కలిసి ఉన్నాయి.

ఒక యంత్రం పెట్టెలో మరో యంత్రం సర్క్యూట్ బోర్డు బిగించి అమ్మే అవకాశం ఉన్నందున, ఇకపై ఫొటోలు పంపేటప్పుడు అడుగున ఉన్న లేబుల్‌ను, వీలైతే లోపలి బోర్డును కూడా తప్పక చూపండి. అడాప్టర్ వోల్టేజీ సరిచూడకుండా దయచేసి ఎవరూ స్విచ్ వేయవద్దు.