ఆ అడుగు చెక్క అతికించకు బావా

బావా,

ముందు ఆ ఫెవికాల్ డబ్బా మూత పెట్టెయ్. మిగతా సంగతులన్నీ తర్వాత. నిన్న ఫోన్లో నువ్వు "మీ స్కూలు పిల్లలు చేసిన పెట్టె బ్రహ్మాండంగా ఉంది గానీ అడుగు చెక్క గలగలమంటోంది, నాలుగు చుక్కలు జిగురు వేసి బిగించేస్తాను" అనగానే నా గుండెల్లో రాయి పడింది. అప్పుడే బెల్లు కొట్టేశారు కాబట్టి ఫోన్ పెట్టేశాను గానీ, లేకపోతే నీతో గంటసేపు గొడవ పెట్టుకునేవాణ్ణి. అది వదులుగా ఉండాలనే అలా చేశాం. ఎందుకో రాస్తాను. కాస్త పొడుగే అవుతుంది, ఆదివారం తీరిగ్గా చదువుకో.

అసలు లెక్కల మాస్టారికి వడ్రంగి పనేమిటని అడిగావు కదా. మా హైస్కూలు వెనకాల ఒక పెంకుటి గది ఉంది. క్రాఫ్టు మాస్టార్లుండే రోజుల్లో అందులో పిల్లలకి వడ్రంగం నేర్పేవారు. ఆ పోస్టు పోయాక గదికి తాళం పడింది. విరిగిన బెంచీలు, పాత హాజరు పట్టీలు, బూజు. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో ఒక మాట ఉంది: 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని. కాగితం మీద ఎన్నో ఉంటాయిలే అని నువ్వు నవ్వుతావు, తెలుసు. మా హెచ్ఎం గారు మాత్రం ఆ ఒక్క మాట పట్టుకుని తాళం తీయించారు. ఆ పీరియడ్లో ఖాళీగా దొరికింది నేను. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

గదిలో రెండు బలమైన తుమ్మ బెంచీలు, వాటికి బిగించిన వైసులు, అంటే చెక్కని కదలకుండా పట్టి ఉంచే ఇనప పట్టుళ్ళు, అలాగే ఉన్నాయి. వైసులు తుప్పుతో బిగుసుకుపోతే కిరసనాయిలు పోసి, రాత్రంతా నాననిచ్చి వదిలించాం. పని నేర్పడానికి మా ఊరి ఆచారిగారు ఒప్పుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఏం అడిగినా "ఆయ్, చేద్దారండి" అంటారు, కానీ ఆయనకి నచ్చినట్టే చేస్తారు. ఆయన లెక్కలన్నీ 96 తుఫానుకి ముందు, 96 తుఫాను తర్వాత. ఆ నవంబరు 6 రాత్రి నీకూ నాకూ గుర్తే కదా, పొద్దున్న లేచేసరికి కొబ్బరి తోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. ఆ తర్వాత ఏడాదంతా ఆయన చేసినవి గుమ్మాలూ తలుపులేనట.

చెక్క దగ్గర మొదట దెబ్బ తగిలింది. ఒక డిపోలో "బాగా ఆరిన సరుకండి" అని అమ్మిన టేకు పలకలు తెచ్చాం. గదిలో పెట్టిన వారానికే దొన్నెల్లా వంగిపోయాయి. అడగడానికి వెళితే "మీ ఊరి గాలి అలాంటిది" అన్నాడు. ఆచారిగారు మాత్రం నొచ్చుకోలేదు. ఒక పలకని మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూయించారు. మళ్ళీ వారం తూయించారు. "బరువు తగ్గడం ఆగేదాకా దీన్ని ముట్టుకోవద్దండి" అన్నారు. 8వ తరగతి పిల్లలు గ్రాఫు పేపరు మీద వారాలూ బరువులూ గుర్తులు పెట్టారు. గీత కిందికి దిగి, దిగి, ఒక చోట చదునైంది. గ్రాఫంటే ఏమిటో నేను బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనివాళ్ళకి అది ఒక్క చూపులో ఎక్కింది.

ఆ టేకు ఆరేలోపు మాకు పనస దొరికింది. ఒక పిల్లాడి మేనమామ గారి దొడ్లో గాలివానకి పడ్డ చెట్టు. కోయించి, పశువుల పాక అటక మీద పలకల మధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉంచారు. అంగుళం మందానికి ఏడాది ఆరాలంటారు, దీనికి రెండేళ్ళయింది. పనస చెక్కని తక్కువ చూడకు. బొబ్బిలిలోనూ నూజివీడులోనూ వీణలు చేసేది దీంతోనే. చిత్రిక పట్టగానే నిండు పసుపు రంగు తేలుతుంది, రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. నీ పెట్టె ఇప్పుడు పచ్చగా ఉంది కదా, ఇంకో ఏడాదికి చూడు.

ఇప్పుడు నీ గలగల సంగతి. చెక్క కోసేసినా ఊరుకోదు బావా. గాలిలో తేమ పీలుస్తుంది, వదుల్తుంది. చారల వెంబడి, పొడవులో మాత్రం ఇంచుమించు కదలదు, కదిలేదంతా చారలకి అడ్డంగానే. అందులోనూ వయసు వలయాల వెంబడి కదిలేది ఎక్కువ, గుండె నుంచి బెరడు వైపు కదిలేది అందులో సగం. టేకు ఎంతో బుద్ధిమంతురాలని పేరు. అది కూడా పచ్చి మొద్దు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, రెండో వైపు 2.5 శాతం కుంచించుకుపోతుంది. మన కోనసీమలో శ్రావణం వచ్చేసరికి తలుపులు ఎందుకు పట్టేస్తాయి, కాలువలు కట్టేసిన వేసవిలో అవే తలుపుల సందుల్లోంచి వీధి ఎందుకు కనిపిస్తుంది? ఇదే లెక్క.

పెట్టె నాలుగు గోడలకీ పెద్ద ఇబ్బంది లేదు. వాటి చారలు పెట్టె చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఉబ్బినా తగ్గినా నాలుగూ ఎత్తులోనే, అన్నీ కలిసే కదుల్తాయి. మూలలు జిగురుతో బిగించేసినా గొడవ పడవు. అడుగు చెక్క అలా కాదు. దాని వెడల్పు గోడలకి ఎదురుగా పెరుగుతుంది. నీ పెట్టెలో ఆ చెక్క వెడల్పు ఎనిమిది అంగుళాలకి పైమాటే. వేసవికీ వర్షాకాలానికీ మధ్య ఒక నూలు దాకా తేడా రావచ్చు. దాన్ని జిగురుతో కట్టేశావంటే ఉబ్బినప్పుడు మూలలు విడగొడుతుంది, తగ్గినప్పుడు నిలువునా తనే పగుల్తుంది. అందుకే గోడల లోపలి వైపు గాడి తీసి, అందులో చెక్కని జిగురు లేకుండా ఊరికే కూర్చోబెట్టాం. ఇక్కడ శ్రావణంలో అది గాడి నిండా ఉంది. మీ హైదరాబాదు పొడిగాలికి తగ్గింది. అంతే. మళ్ళీ నాలుగు వానలు పడితే అదే నోరు మూస్తుంది.

నూలంటే గుర్తుందా, అంగుళంలో ఎనిమిదో వంతు. ఆచారిగారికి మిల్లీమీటర్లు పడవు. "నాలుగు నూళ్ళ చెక్క, రెండు నూళ్ళ గాడి" అంటారు. పిల్లలకి అర అంగుళం, పావు అంగుళం అలా నోటికొచ్చేశాయి. ఇంకో సంగతి విను. మూలల్లో పళ్ళు చూశావు కదా, చివర వెడల్పుగా, మొదట్లో సన్నగా. డవ్‌టెయిల్ జాయింటు అంటారు. దానికి వాలు ఎంత ఉండాలని నేను చదివి వెళ్ళాను. గట్టి చెక్కకి 8కి 1, మెత్తటి చెక్కకి 6కి 1. అంతకంటే ఎక్కువైతే పంటి మొనలు విరుగుతాయి, తక్కువైతే పట్టు ఉండదు. ఇది చెబుదామని నోరు తెరిచేలోపే ఆచారిగారు పలక అంచున మూలమట్టం పెట్టి, "అంగుళానికి నూలు వాలండి" అని గీసేశారు. అంగుళానికి నూలంటే 8కి 1 కాక మరేమిటి? నా నోటుపుస్తకం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంత కష్టమెందుకు, మేకులు కొట్టేస్తే పోదా అని మా పిల్లల్లోనూ ఒకడు అడిగాడు. మూలలో మేకు దిగేది రెండో చెక్క చివర్లోకి. అక్కడ మేకుకి పట్టు తక్కువ, జిగురుకీ అంతే. పైగా మన సముద్రపు గాలికి ఇనుప మేకు ఎన్నాళ్ళుంటుంది? తుప్పు పట్టి చుట్టూ చెక్కనీ తినేస్తుంది. పళ్ళు కోసి ఇరికిస్తే పంటి పక్కలూ పక్కలూ ఆనుకుంటాయి, జిగురు అక్కడ గట్టిగా పడుతుంది. జిగురు పోయినా ఆ వాలే ముందు చెక్కని ఊడి రానివ్వదు. మీ అమ్మమ్మగారి భోషాణం గుర్తుందా, మనం దాక్కునేవాళ్ళం? ఇప్పుడు మీ పెదనాన్నగారి సావిట్లో ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాం. ఇత్తడి పట్టీ పక్కన మూలలో ఇవే పళ్ళు, అరచేతి వెడల్పువి, ఇంకా గోరు దూరడానికి సందు లేదు. ఆ టేకు ఏజెన్సీ అడవుల్లో కొట్టి, దుంగలు తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి వదిలిన కాలం నాటిది అయ్యుంటుందని ఆచారిగారి ఊహ. పెద్దమ్మగారు పిల్లలందరికీ పూతరేకులు పెట్టారు. భోషాణం సంగతి వాళ్ళకి ఎంత గుర్తుందో గానీ అది మాత్రం మర్చిపోరు.

పళ్ళు కోసేటప్పుడు చూడాలి నువ్వు. పెన్సిలుతో గీయనివ్వరు. పదునైన చాకు మొనతో గీయాలి, అప్పుడు ఉలి ఆ గాటులో కుదురుగా ఆనుతుంది. రంపం గీత మీద కాదు, తీసేసే ముక్క వైపు నడవాలి. "గీత బతకాలండి. గీత పోయిందంటే లెక్క పోయినట్టే" అంటారాయన. తర్వాత ఉలితో సగం ఈ వైపు నుంచి, సగం తిప్పి ఆ వైపు నుంచి. ఒకే వైపు నుంచి దించేస్తే అవతల పెచ్చు లేస్తుంది. మొదట్లో హెచ్ఎం గారికి ఒకటే టెన్షన్, పిల్లల చేతుల్లో ఉలులేమిటని. ఆచారిగారికి భయం పదునంటే కాదు, మొద్దు ఉలంటే. మొద్దుదైతే బలం పెట్టాలి, బలం పెడితే జారుతుంది. అందుకని ప్రతి క్లాసూ సానరాయి దగ్గర మొదలు. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకి వెనకాలే ఉండాలి, ఇది దాటితే ఆ రోజుకి పని బంద్.

బిగించేటప్పుడు ముందు జిగురు లేకుండా సరిచూసుకోవాలి, అదీ సగం దాకానే. పూర్తిగా దింపి తీసి దింపి తీసి చేస్తే పట్టు వదులైపోతుంది. మా క్లాసులో ఒక పిల్ల ఉంది, మాట్లాడదు, లెక్కల్లో అంతంతమాత్రం. మూల మీద అడ్డచెక్క పెట్టి కొయ్యసుత్తితో తట్టుతూ, ఉన్నట్టుండి ఆగి "అయిపోయింది మాస్టారూ" అంది. చూడకుండానే ఎలా చెప్పిందనుకున్నావు? చప్పుడు విని. పళ్ళు దిగుతున్నంతసేపూ బోలు చప్పుడు వస్తుంది, అడుగుకి ఆనగానే గట్టిపడుతుంది. నీ దగ్గరున్నది ఆ పిల్ల చేసిన పెట్టే.

జిగురు రాశాక మాత్రం పరుగులే. క్లాంపులు చాలక సైకిలు ట్యూబులు కోసి చుట్టాం, బాగానే పట్టాయి. పెట్టె మూలకి నిలబడిందో లేదో చూడ్డానికి మూలమట్టం కంటే కర్ణాలు కొలవడం మేలు. రెండూ సమానమైతే సరి. పెట్టె బయటి కొలతలు 12 అంగుళాలకి 9 పెట్టించింది నేనే, కర్ణం నికరంగా 15 వస్తుందని. పైథాగరస్ పేరెత్తకుండానే టేపు పెట్టి చూడమన్నాను. 15 కంటే సన్నగా ఓ వెంట్రుక ఎక్కువ వచ్చిన పెట్టెని, పొడుగ్గా ఉన్న కర్ణం మూలల దగ్గర క్లాంపుతో నొక్కి దారికి తెచ్చారు.

గాడి సంగతిలో ఒక చిక్కుంది. చివరిదాకా లాగేస్తే మూలలో చిన్న చదరపు కన్నం బయటికి కనిపిస్తుంది. దానికి అదే చెక్క ముక్క చెక్కి మూశాం. నీ పెట్టె కింది మూలల్లో వెతుకు, రంగు కలిసిపోయింది కాబట్టి కష్టపడాలి. మూతకి మడత బందులు పెట్టలేదు, జారుడు మూతే. మూత చారలు జారే దిశలోనే ఉంటాయి, ఉబ్బితే పక్కలకి ఉబ్బుతుంది కాబట్టి అక్కడ కొంచెం చోటు వదిలాం. పైన ఉప్పు కాగితం, ఆ తర్వాత పల్చగా లక్క పాలిష్, అంతే. మెరుపు చాల్లేదని చెల్లాయి అందన్నావు. మెరుపు కావాలంటే ప్లాస్టిక్ డబ్బాలు బోలెడు దొరుకుతాయని చెప్పు. వద్దులే, నేనన్నానని చెప్పకు.

మీ పాపకి ఆన్‌లైన్లో పెట్టె కిట్టు కొనిపెడతానన్నావు. వద్దు. అందులో అన్నీ కోసే ఇస్తారు, అతికించడమొక్కటే మిగులుతుంది. కావాలంటే సంక్రాంతి సెలవులకి పాపని ఇక్కడ వదులు, పనస పలకలు ఇంకా నాలుగున్నాయి.

వచ్చేటప్పుడు రాణిగంజ్ వెళ్ళి ఒక చిన్న రంపం తీసుకురా. వీపుకి ఇత్తడి బద్ద ఉండాలి, అంగుళానికి 14 పళ్ళకి తగ్గకూడదు, డవ్‌టెయిల్ సా అని అడుగు. ఇక్కడ అందరం పెద్ద రంపాలతోనే కుస్తీ పడుతున్నాం. బిల్లు స్కూలు పేరు మీద రాయించు. డబ్బులు హెచ్ఎం గారు ఇస్తారు. ఎప్పుడిస్తారో మాత్రం నన్నడక్కు.

ఉంటాను మరి,
నీ బావ