2024–25 వార్షిక నివేదిక: కొన్నవి పదకొండు, సముద్రం దాటింది ఒకటి

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన పాత రేడియోల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. సమావేశాలు, హాజరు, తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, కావలసినవారు చూసుకోవచ్చు. నేను ఎక్కువగా రాస్తున్నది ఇంగ్లండు వెళ్లిన మర్ఫీ కంపెనీ రేడియో గురించే. మీలో సగం మంది ఫోన్ చేసి నన్ను నిలదీసింది దాని గురించే కదా.

ముందు కొనుగోళ్లు. సంఘం డబ్బుతో ఈ ఏడాది పదకొండు సెట్లు కొన్నాం. అందులో ఏడు హైదరాబాదులో గురువారాలు జరిగే జుమ్మేరాత్ బజార్‌లో దొరికినవి. నిజం చెప్పాలంటే మూడు కొనకుండా ఉండాల్సింది. ఒక బుష్ సెట్టు నిగనిగలాడుతుంటే వెనక అట్ట విప్పకుండానే బేరం కుదుర్చుకున్నాం. తీరా తెచ్చి విప్పితే వాల్వులు (పాత రేడియోల గాజు గొట్టాలు) ఉండాల్సిన చోట అరచేతిలో పట్టే బ్లూటూత్ బోర్డు! ఆ తెలివి నాదే, వేరెవరినీ అనొద్దు. ఇకమీదట వెనక అట్ట విప్పి చూపించని సెట్టుకు సంఘం పైసా ఇవ్వదు. వాల్వులు ఒకటీ రెండూ లేకపోయినా కంగారు లేదు, ఈసీహెచ్ 81, ఈఎల్ 84 లాంటివి వెతికితే దొరుకుతాయి. డయలు గాజు పగిలిందంటే మాత్రం ఇంకో సెట్టు చచ్చేదాకా ఆగాలి.

"నడుస్తది సార్, చూడండి" అంటూ అమ్మేవాళ్లు ప్లగ్గు పెట్టబోతారు. పెట్టనివ్వకండి. అరవై ఏళ్ల కాగితం కండెన్సర్లు (కరెంటు నిలవచేసే భాగాలు) అప్పటికే లీకై ఉంటాయి, నేరుగా 230 వోల్టులు ఇస్తే వాటితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా పోవచ్చు. మొదటిసారి కరెంటు దారిలో ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టే వెలిగించాలి. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ/డీసీ సెట్లలో భాగాలు బిగించిన లోహపు చట్రానికే, అంటే ఛాసిస్‌కే కరెంటు రావచ్చు. నవంబరులో ఒక సభ్యుడికి షాక్ కొట్టింది అలాంటి సెట్టుతోనే. ఆయన క్షేమం. చెప్పులు లేకుండా రిపేరుకు కూర్చోవద్దని మరోసారి మనవి.

ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవం. ఈసారి అది గురువారమే రావడంతో సగం మంది సభకు రాకుండా జుమ్మేరాత్ బజార్‌కు పోయారు. వచ్చినవాళ్లకు టీ, సమోసా మిగిలాయి.

ఇక మర్ఫీ. ఆ కంపెనీ పుట్టిందే ఇంగ్లండులో, 1929లో, వెల్విన్ గార్డెన్ సిటీలో. అక్కడ తయారైన మర్ఫీలు అక్కడి సేకర్తలకు కొత్త కాదు. మనల్ని సంప్రదించిన పెద్దమనిషికి కావలసింది మన దేశంలో తయారైన మర్ఫీ, అదీ డయలు మీద మద్రాసు, విజయవాడ, హైదరాబాదు అని పేర్లున్నది. "పెదవుల మీద వేలు పెట్టుకున్న మర్ఫీ పాపాయి బొమ్మను ఊరు దాటించేస్తారా?" అని ఒక పెద్దాయన సభలోనే లేచి అడిగారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ మోడలు మన దగ్గర రెండున్నాయి, ఒకటి అల్మారా మీద దుమ్ము తింటోంది. చట్టం అడ్డురాదు, పురావస్తువు అనిపించుకోవాలంటే నూరేళ్లు నిండాలి. అమెరికా నుంచి కూడా ఒకరు అడిగారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, సెట్టుతోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా పంపాలి. ఇంగ్లండుకైతే ప్లగ్గు మారిస్తే చాలు.

సెట్టుతోపాటు పోస్టాఫీసు ముద్రలున్న, అప్పట్లో రేడియో ఉంచుకోవడానికి కావలసిన పాత లైసెన్సు పుస్తకం దొరికింది. ఇంగ్లండు ఆయన దానికి విడిగా డబ్బు ఇస్తానన్నారు. అందులో మొదటి యజమాని పేరు, ఇంటి అడ్రసు ఉన్నాయి. ఇవ్వలేదు. ఆ కుటుంబానికి తిరిగి పంపించాం.

ప్యాకింగ్ దగ్గర పది రోజులు పట్టింది. మనకు తెలిసిన వడ్రంగి చేత టేకు చెక్కలతో ముచ్చటైన పెట్టె చేయించాం. కొరియర్ బుకింగ్ దగ్గర దాన్ని తీసుకోలేదు. వేరే దేశానికి పంపే ముడి చెక్క పెట్టెకు వేడిచేసి పురుగు చంపినట్టు ముద్ర ఉండాలట. తప్పు వాళ్లది కాదు, ముందే కనుక్కోవలసింది మనం. ఆ పెట్టె ఇప్పుడు ఆఫీసులో చెప్పుల స్టాండు.

మళ్లీ మొదటినుంచీ. వాల్వులు పీకి, ఒక్కోదానికి నంబరు చీటీ అంటించి, విడివిడిగా చుట్టాం. గాజు డయలుకు అట్ట వేశాం. ట్రాన్స్‌ఫార్మరు బరువుకు ఛాసిస్ ఊగి క్యాబినెట్ పగలకుండా ఛాసిస్‌ను బయటికి తీసి వేరే మెత్తలో పెట్టాం. అట్టపెట్టెలో పెట్టె, రెంటి మధ్య నాలుగు వేళ్ల మందం నురుగు. కాటా మీద పదమూడు కిలోలే. కొరియర్‌లో మాత్రం పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదువేలతో భాగించి, వచ్చినదాన్నే బరువుగా లెక్కిస్తారు. మన పెట్టె 60, 45, 40. లెక్క 21.6 కిలోలకు తేలింది. రేటు వినగానే కోశాధికారికి టెన్షన్ మొదలైంది. ఖర్చు కొన్నాయనదే అని గుర్తుచేశాక నెమ్మదించారు.

కస్టమ్స్ కాగితంలో "బహుమతి" అని రాస్తే పన్ను తప్పుతుందని కొందరు సలహా ఇచ్చారు. అమ్మినదాన్ని బహుమతి అని ఎలా రాస్తాం? అసలు ధరే రాశాం. అక్కడి ఇరవై శాతం వ్యాట్ ఆయన కట్టుకున్నారు. విదేశాలకు సరుకు పంపడానికి కావలసిన ఎగుమతి కోడ్ ఒక సభ్యుడికి తన వ్యాపారం కోసం ముందే ఉంది, ఆయన పేరు మీదే పంపాం. వారికి సంఘం కృతజ్ఞతలు.

సెట్టును మనం 4,500 రూపాయలకు కొన్నాం, 18,000కు ఇచ్చాం. ఆ మిగులుతో కండెన్సర్లు, డయలు తాడు, ఒక మంచి మీటరు కొన్నాం.

సెట్టు చేరిన మూడో వారానికి కొన్నాయన వీడియో పంపారు. స్టేషను సరిగ్గా పట్టిందని చూపే మ్యాజిక్ ఐ దీపం పచ్చగా వెలుగుతోంది. ముల్లు విజయవాడ దాటి కాస్త పక్కన ఆగింది. 909 కిలోహెర్ట్‌జ్ మీద బీబీసీ వాళ్ల ఫుట్‌బాల్ కామెంటరీ. అభ్యంతరం చెప్పిన పెద్దాయనకు వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, "మోత ఉంది, ఫిల్టరు కండెన్సరు మార్చమను" అన్నారు. ఆ మాట ఇంగ్లండు ఆయనకు రాసి పంపాం.

సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు వచ్చే సమావేశంలోగా చెల్లించగలరు. ఇంట్లో మందపాటి అట్టపెట్టెలుంటే పారేయకుండా ఆఫీసుకు తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి